సలికాలం కుక్క కట్టుకుందామనుకున్న ఇల్లు

మొన్న రాత్రి రెండున్నరకు మెలకువ వచ్చింది, ఫోన్ల చూస్తే 13 డిగ్రీలు. మాది నల్లగొండ, పానగల్లు దిక్కు. ఉదయ సముద్రం చెరువు మీదికెల్లి వచ్చే గాలి నేరుగ మా వాకిట్లకే వస్తది కాబట్టి ఫోను 13 అన్నదంటే మా ఇంటికాడ ఇంకో డిగ్రీ తక్కువనే వేసుకోవాలె. ఎండకాలం ఇదే వాకిట్ల 45 డిగ్రీలకు బండ మీద కాలు పెట్టలేం, మనకేం చలి ఉంటదిలే అనుకుంటం గని, గంత ఎండకు అలవాటు పడ్డ ఒంటికి ఇగం ఇంకా గట్టిగ తగులుతది. మనకే కాదు, కుక్కకైనా పిల్లికైనా అంతే. పైగా మన ఊరకుక్కలకు పొట్టి వెంట్రుకలు, లోపల ఉన్ని అనేదే ఉండదు.

దుప్పటి కప్పుకొని బయటికి పోయి టార్చ్ కొట్టి చూసిన. మా కుక్క మోతిగాడు వాని డ్రమ్ముల ముక్కును తోక కింద పెట్టుకొని జిలేబీ లెక్క చుట్టుకొని పడుకున్నడు. గడ్డిల సగం మునిగిండు. చెయ్యి లోపల పెడితే వెచ్చగ ఉంది, నిజంగ వెచ్చగ. ఒక కన్ను తెరిచి నా దిక్కు చూసి, ఏందిరా నీ లొల్లి అన్నట్టు మళ్ళ మూసిండు. ఆ వెచ్చదనం కోసం నేను రెండు సలికాలాలు, నాలుగువేల ఐదు వందల రూపాయలు ఖర్చు పెట్టిన. అసలు ముచ్చట మా అవ్వ నా చిన్నప్పుడే చెప్పింది, నాకే ఎక్కలె.

అవ్వ చెప్పే కథ మీ ఇంట్ల కూడా చెప్పే ఉంటరు. సలికాలం రాత్రి కుక్క గజగజ వణుక్కుంట, ముడుచుకొని ముడుచుకొని ఇంతే అయ్యి, "అరె నేను గింతే ఉన్న, నాకు ఇల్లు ఎంత గావాలె, రేపు తెల్లారంగనే ఇంత చిన్న ఇల్లు కట్టుకుంట" అనుకుంటదట. తెల్లారి ఎండ రాంగనే కాళ్ళు బారజాపి, ఒళ్ళు విరుచుకొని, "అబ్బో నేను గింత పెద్దగున్న, నాకు సరిపోను ఇల్లు కట్టుడు ఎవనితోని అయితది" అని మళ్ళ పండుకుంటదట. అవ్వ ఈ కథ మా బాబాయిని తిట్టడానికి వాడేది, ఆయన పనులు వాయిదా వేస్తడని. నేను గూడ గట్లనే అర్థం చేసుకున్న. కథల కుక్క రాత్రి పూట అనుకున్న కొలతే కరెక్ట్ అని నాకు తెల్వడానికి ముప్పై రెండేండ్లు పట్టింది.

ఏమైందంటే రెండేండ్ల కింద మోతిగాడు పిల్లగ ఉన్నప్పుడు వెల్డింగ్ షాపుల వానికి ఒక ఇల్లు చేయించిన. నాలుగు ఫీట్ల పొడుగు, నాలుగు ఫీట్ల వెడల్పు, నాలుగు ఫీట్ల ఎత్తు, ఇనుప ఫ్రేము, చుట్టూ రేకులు, ముందట ఆర్చి లెక్క దర్వాజ, మీద ఎర్ర పెయింటు. ఫొటో స్టేటస్ పెడితే మస్తు లైకులు. లోపల అమ్మ పాత చీరలతోని కుట్టిన బొంత పరిచింది. వీడు పగలు పోయి పడుకునేటోడు, రాత్రి మాత్రం అటు దిక్కు కూడా చూడకపోయేది. వాకిట్ల నీళ్ళ పొయ్యి ఉంటది మాకు, కాగు పెట్టి కట్టెలతోని నీళ్ళు కాగబెడుతం, ఆ పొయ్యి బూడిదల పోయి పడుకునేటోడు. తెల్లారి బూడిద పూసుకున్న సాధువు లెక్క లేచొచ్చి నా ప్యాంటుకు రాసేటోడు. నేనేమో వీనికి గింత మంచి ఇల్లు చేయిస్తే బుద్ధి లేదు అని తిట్టేది.

ఒకరోజు రాత్రి వర్షం తుంపర పడితే వాణ్ణి ఎత్తుకపోయి ఆ ఇంట్ల పెట్టి దర్వాజకు గోనెసంచి కట్టిన. పొద్దుగాల తీసి చూస్తే రేకు లోపలి దిక్కు నీళ్ళు కారుతున్నయి, బొంత తడిసి ముద్దయింది, వాడు ఒక మూలకు నిలబడే ఉన్నడు, పడుకోలేదు పాపం. వాన లోపలికి రాలేదు. రాత్రి రేకు బయటి గాలి కంటే కూడ ఎక్కువ చల్లబడతది, వాడు విడిచిన ఊపిరి ఆవిరి దానికి తగిలి నీళ్ళయి కిందపడ్డది. ఆ ఇంట్ల వేడి పుట్టించేది ఒకటే ఒకటి, కుక్క ఒళ్ళు. పదహారు కిలోల కుక్క, 38, 39 డిగ్రీల ఒళ్ళు, అది నాలుగు ఫీట్ల గదిల గాలి మొత్తం ఎట్ల వెచ్చబెడతది చెప్పుండ్రి, వేడి అంత మీదికి పోయి రేకు గుంజుకుంటది. ఫంక్షన్ హాలుల అగ్గిపుల్ల ముట్టించి చలి కాచుకున్నట్టు.

అప్పుడు గుర్తుకొచ్చింది అవ్వ కథ. రాత్రి కుక్క అనుకున్న "గింతే ఇల్లు".

ఇప్పుడున్నది నీళ్ళ కోసం వాడిన నీలం డ్రమ్ము, 200 లీటర్లది, నిలువుది అడ్డం పడేసిన. మూత దిక్కు సగం పైన కోసిన, కింద సగం అట్లనే ఉంచిన గడ్డి బయటికి రాకుండ, అంచులు చేతికి కోసుకపోతయి కాబట్టి పాత సైకిల్ ట్యూబు చీల్చి అంచుకు తొడిగిన. దొర్లకుండ రెండు పక్కల ఇటుకలు, కింద ఇటుకల మీద చెక్క, నేలకు నాలుగు ఇంచుల ఎత్తు. మా వాకిట్ల షాబాద్ బండలు, రాత్రి పూట ఆ బండ ఒంట్లున్న వేడంత గుంజుకుంటది, చెప్పుల్లేకుండ నిలబడితే మీకే తెలుస్తది. వెనక మీది దిక్కు రెండు వేళ్ళు పట్టేంత బొక్క పెట్టిన ఆవిరి పోవడానికి. మొత్తం గాలి ఆడకుండ కవర్లు చుట్టి మూసేస్తే లోపల తేమ నిలిచి దగ్గు వస్తది, రేకుల ఇల్లే మళ్ళ ప్లాస్టిక్ ల కట్టినట్టు.

కొలత అడిగితే, వాడు ముడుచుకొని పడుకున్నప్పుడు చుట్టూ జానెడు జాగ ఉండాలె, లేచి ఒక్కసారి గుండ్రంగ తిరిగి మళ్ళ పడుకోవాలె, అంతే. పెద్ద కుక్క అయితే డ్రమ్ము సరిపోదు, చెక్కపెట్టె చేయించుకోండ్రి. రెండు చెక్కల నడుమ టీవీ డబ్బాల వచ్చే థర్మాకోల్ పెడితే ఇంకా మంచిది గని బయటికి కనపడనియ్యొద్దు, కొరికి మింగుతయి. ఇంకోటి, కంపెనీల నుంచి వచ్చే సెకండ్ హ్యాండ్ డ్రమ్ములు చవకగ దొరుకుతయి, వాటిల ముందు ఏం పోసిండ్రో మనకు తెల్వదు, ఎన్నిసార్లు కడిగినా వాసన పోదు, కుక్కకు ముక్కే సర్వస్వం, అది తీసుకోకుండ్రి.

డ్రమ్ము నోరు దక్షిణం దిక్కు పెట్టిన. దీనికి పెద్ద పంచాయితీ అయింది. పక్కింటి కాక వచ్చి "దక్షిణ ద్వారం పెట్టినవ్ ఏంరా, ఇంటికి మంచిది కాదు" అన్నడు. కాకా, కుక్కకు వాస్తు ఏందే అంటే, కుక్కకు కాదు మీకు అన్నడు. సలికాలం గాలి మనకు ఎక్కువ ఉత్తరం, తూర్పు దిక్కు నుంచి వస్తది, సూర్యుడేమో దక్షిణం దిక్కు వంగి పోతడు, దక్షిణానికి నోరు పెడితే గాలి రాదు, పగలంత ఎండ లోపలికి పడి గడ్డి ఎండుతది. కాకకు ఇదంత చెప్పిన, విన్నడు, అయినా జర ఆగ్నేయానికి తిప్పు అన్నడు. తిప్పిన. పొద్దుగాల ఎండ ఇంకా ముందే పడుతుంది, కాక గెలిచినట్టే.

ఇగ గడ్డి సంగతి. అందరం కుక్కకు చలి అంటే దుప్పటి వేస్తం. ఇంట్ల పడుకునే కుక్కకు దుప్పటి ఓకే, బయట పడుకునేదానికి కాదు, ఎందుకంటే బట్ట మంచును గుంజుకుంటది, తడి కాళ్ళతోని వస్తే ఆ తడిని గుంజుకుంటది, తెల్లారుజామున నాలుగింటికి అసలు చలి పెట్టే టైముకు అది తడిగుడ్డ అయిపోతది. వరిగడ్డి అట్ల కాదు, కాడ లోపల బోలు, దానిల గాలి నిలుస్తది, కుక్క దాన్ని కాళ్ళతోని తవ్వుకొని గూడు చేసుకొని దూరిపోతది. మనకు నవంబర్ల వానాకాలం పంట కోతలు అయిపోతయి, గడ్డికి ఏం కరువు. హార్వెస్టర్ గడ్డి జర నలిగి ముక్కలైతది, చేతితోని కొట్టిన గడ్డి దొరికితే ఇంకా మంచిది గని ఇప్పుడు చేతితోని కొట్టేది ఎవరు. రోల్ కట్టిన గడ్డి ఒకటి తెస్తే ఒక కుక్కకు సలికాలం మొత్తం పోను మిగిలింది ఎదురింటోళ్ళ బర్రెకు వేసినం.

వారానికి ఒకసారి మార్చాలె, లేకుంటే పిడుదులు గుడ్లు పెడతయి. తీసిన గడ్డి పక్కన కుప్పేయకుండ తగలబెట్టుండ్రి. గడ్డివాము నుంచి తీసేటప్పుడు చెయ్యి నేరుగ పెట్టొద్దు, ముందు కర్రతోని కదిలియ్యాలె. పొడపాము, అదే రక్తపింజర, అచ్చం ఆ గడ్డి రంగుల్నే ఉంటది, మా నాయన బత్తాయి తోట కాడ పోయినేడు గడ్డి కిందనే కనపడ్డది. నాయన దాన్ని చూసి గంటసేపు చాయ తాగలేదు, ఆయనకు అది మామూలు విషయం కాదు.

స్వెటర్ గూడ కొన్న. పెట్ షాపుల ఎర్రది, మెడకు బటన్. రెండో రోజుకే ముళ్ళకంపల చింపుకొని వచ్చిండు. చింపుకోకపోయినా రాత్రి మంచుల తడిస్తే ఒంటికి తడిబట్ట చుట్టినట్టే కద. ముసలి కుక్క, ఇంటి వసారాల పడుకునేది, లేస్తుంటే నడుము పట్టేసేది, దానికైతే పొడి స్వెటర్ మంచిదే.

ఇగ అసలు నన్ను ఇది రాయమన్నది వేరే ముచ్చట. చిత్తకార్తె కుక్కలు అని తిడతరు కద మనోళ్ళు. చిత్తకార్తె అంటే అక్టోబర్ పదో తారీఖు అటుఇటుగ మొదలైతది, రెండు వారాలు ఉంటది, కుక్కలు జతకట్టేది అప్పుడే. కుక్క మోసేది 63 రోజులు. కలుపుకోండ్రి. డిసెంబర్ నడిమి నుంచి ఆఖరు దాకా, అంటే సంవత్సరంల అన్నిటికంటే ఎక్కువ ఇగం పెట్టే రోజులల్ల వీధుల్ల పిల్లలు పుడతయి. ప్రతి ఏడు జనవరిల మోరీల పక్కన, తూముల కింద, ఇసుక కుప్పల మీద ఎన్ని పిల్లలు కనపడతయో మీరూ చూస్తరు, సంక్రాంతి దాటేసరికి అవి ఎన్ని మిగులుతయో గూడ చూస్తరు.

పోయిన డిసెంబర్ ఆఖర్ల మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ వెనక ఒక ఎర్ర కుక్క అయిదు పిల్లలను పెట్టింది. కండ్లు తెరవలేదు ఇంకా, అంటే వారం పది రోజులవి. పొద్దున ఆరింటికి పాలకు పోతున్న, పొగమంచు, ఎదురుంగ బండి లైటు తప్ప ఏం కనపడతలేదు. నాలుగు పిల్లలు తల్లి కింద ఉన్నయి, ఒకటి మూరెడు దూరంల పక్కకు దొర్లి ఉంది. చేతిలకు తీసుకుంటే రాయి లెక్క చల్లగ ఉంది. కాళ్ళు వేలాడేసింది. నోరు తెరిచి చూస్తే చిగుళ్ళు సున్నం లెక్క తెల్లగ. చచ్చిపోయిందనే అనుకున్న, కానీ పొట్ట ఎక్కడో చాన సేపటికి ఒకసారి కదులుతుంది.

ఇంటికి తెస్తే అమ్మ వెంటనే పాలు గోరువెచ్చగ చేసి ఇంకు ఫిల్లర్ తెచ్చింది. నేను ఎందుకో పశువుల డాక్టర్ ఒకాయన తెలిసినోడు ఉంటే ఫోన్ కొట్టిన, అంత పొద్దున ఎత్తిండు పాపం, మొదటి మాటే "పాలు పోసిండ్రా?" అన్నడు. ఇంకా పొయ్యలే సార్ అంటే "పొయ్యకుండ్రి, చంపుతరు" అన్నడు. పిల్ల ఒళ్ళు 34, 35 డిగ్రీల కిందికి పోతే పేగులు పని ఆపేస్తయట, పోసిన పాలు పొట్టల అట్లనే ఉండి పులుస్తయి, మింగే బలం కూడ ఉండదు కాబట్టి సగం ఊపిరితిత్తులల్లకు పోతయి. ముందు వెచ్చబెట్టాలె, వెచ్చబడి అదే నోరు కదిలించినంక పాలు. అమ్మ చేతిల గిన్నె అట్లనే ఉండిపోయింది. మా ఊర్ల ఎన్ని పిల్లలను ప్రేమతోని పాలు పోసి చంపినమో అనిపించింది నాకు.

వెచ్చబెట్టుడు గూడ నిమ్మళంగ చెయ్యాలె అన్నడు. పొయ్యి ముందట పెడితే తోలు కాలుతది, లోపల మాత్రం చల్లగనే ఉంటది. అంగీ గుండీలు విప్పి నా పొట్టకు ఆనించుకొని మీదికెల్లి గొంగడి కప్పుకున్న. వాటర్ బాటిల్ల వేడినీళ్ళు పోసి, చెయ్యి పెడితే ఓర్చుకునేంత వేడి, టవల్ చుట్టి పక్కకు పెట్టుకున్న. ప్రతి పది నిమిషాలకు అటుఇటు తిప్పుకుంట కూసున్న. ఆఫీసుకు లేటైతదని మెసేజ్ పెట్టిన, కారణం రాయలె. గంటంబావు అయినంక నా పొట్ట మీద ఏదో గోకినట్టు అనిపించింది. చూస్తే వెనక కాలు ఆడుతుంది. ఇంకో పావుగంటకు "కుయ్" అన్నది. చప్పుడు అంటే చప్పుడు కాదు, తలుపు కిర్రుమన్నట్టు. అప్పుడు వేలికి గ్లూకోజ్ నీళ్ళు రాసి చిగుళ్ళకు రుద్దిన, నాకింది.

పాలు మేము పొయ్యనేలేదు. తీసుకపోయి తల్లి దగ్గరనే పెట్టినం. తల్లి వాసన చూసింది, నాకింది, కిందికి గుంజుకున్నది. చానమంది పిల్లను చూడంగనే ఇంటికి తెచ్చి ఆవు పాలు పోస్తరు, దానికి పారుడు పట్టుకొని పోతది. రెండు మూడు వారాల దాకా పిల్లలకు సొంతంగ ఒంట్ల వేడి నిలుపుకునుడు రాదు, మొదటి రోజులల్ల వణుకుడు కూడ రాదు, అందుకే చలి పెడుతుందని మనకు తెల్వదు, సప్పుడు చెయ్యకుండ పోతయి. వాటికి తల్లి పొట్టనే పొయ్యి. తల్లి ఉంటే తల్లికే ఇల్లు చెయ్యాలె, తల్లికే బువ్వ పెట్టాలె. ఆ రోజు సాయంత్రం ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఒద్దని పక్క ఖాళీ ప్లాటుల గోడకు ఆనిచ్చి నా పాత రేకుల ఇంటి మీది రేకు ఒకటి ఊడదీసి ఏటవాలుగ పెట్టి, కింద ఇటుకలు, మీద గడ్డి మందంగ పరిచినం. తల్లి మొదలు మమ్మల్ని చూసి పండ్లు పెట్టింది, మోతిగాని జొన్న గట్క గిన్నె ముందట పెట్టినంక ఒప్పుకున్నది. ఒక్కొక్క పిల్లను తానే నోట్ల పట్టుకొని తెచ్చుకున్నది.

అయిదిట్ల రెండు జనవరిల పోయినయి, ఒకటి బండి కింద, ఒకటి రక్త విరేచనాలతోని, పార్వో అనే వైరస్ రోగం అని చెప్పిండ్రు. మిగిలినయాటికి నెలన్నర దాటినంక టీకాలు మొదలుపెట్టించినం. నా పొట్ట మీద కూసున్నది బతికింది. ఇప్పుడు అది నన్ను చూస్తే మొరుగుతది, ఏం గుర్తు లేదు దానికి. టీకాలకు పోయిన్నాడే తల్లికి ఆపరేషన్ చేయిద్దామని అడిగినం, పాలిచ్చుడు ఆగినంక తీసుకరమ్మన్నరు. ఈ చిత్తకార్తెకు ముందే చేయించినం, వీధిల ఈ డిసెంబర్ ఒక కాన్పు తక్కువ.

పిల్లుల సంగతి వేరే. "పొయ్యిల పిల్లి లేవలేదు" అంటం కద, ఇంట్ల ఇంకా వంట మొదలుకాలేదు, గడవడమే కష్టంగ ఉంది అనే అర్థంల. ఆ మాట ఎక్కడికెల్లి వచ్చింది, రాత్రి వంట అయినంక పొయ్యిల వెచ్చని బూడిద ఉంటది, పిల్లి అందుల పడుకుంటది, పొద్దున పొయ్యి ముట్టియ్యాలంటే దాన్ని లేపాలె. ఇప్పుడు ఇంటింటికి గ్యాస్ వచ్చింది, మంచిదే, మా అమ్మ కండ్ల మంటలు పోయినయి, కానీ పిల్లికి మంచం పోయింది. అది ఇంకో పొయ్యి వెతుక్కుంటది. ఏంది ఆ పొయ్యి అంటే కారు ఇంజను.

రెండేండ్ల కింద సంక్రాంతికి హైదరాబాద్ నుంచి మా బావ కారుల వచ్చిండు. రాత్రి పదింటికి వచ్చి ఆపిండు, ఇంజను వేడిగ ఉంది, తెల్లారి అయిదింటికి గుడికి పోదామని స్టార్ట్ చేస్తే లోపల ఒక అరుపు. బానెట్ తీస్తే మా ఇంటి కింద తిరిగే బూడిద రంగు పిల్లి, తోక కొస బెల్టుల పడి తెగింది. బతికింది, తోక పొట్టిగ ఉంటది ఇప్పటికీ. బావకు ఇప్పుడు అలవాటయింది, ఎండకాలం గూడ బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టి హారన్ కొట్టి గాని స్టార్ట్ చెయ్యడు, మా అక్క నవ్వుతది. కారుల పోసే కూలెంట్ కారి కింద పడ్డా కడిగెయ్యాలె, అది తియ్యగ ఉంటదట, కుక్కలు పిల్లులు నాకుతయి, కిడ్నీలు పోతయి. పిల్లికి మేము ఇప్పుడు అటక మీద అట్టపెట్టె పెట్టినం, అడ్డంగ, పిల్లి పట్టేంత బొక్క, లోపల గడ్డి. నేల మీద పెడితే రాలేదు, ఎత్తుల పెట్టంగనే ఆ రాత్రే దూరింది.

కోళ్ళయితే అమ్మ డిపార్ట్‌మెంట్. పెద్ద కోళ్ళను గంప కింద మూస్తది, గంప మీద గోనెసంచి, అంతే, వాటికి ఈకలున్నయి. పిల్లలకే పరేషాన్. ఈసారి వనరాజా పిల్లలు పది తెచ్చింది, ఈ జాతిని హైదరాబాద్ల రాజేంద్రనగర్ కాడ ఉన్న కోళ్ళ పరిశోధన సంస్థోళ్ళే తయారుచేసిండ్రు, పెరట్ల పెంచుకునేటోళ్ళ కోసం. మొదటి వారం పిల్లలకు 35 డిగ్రీల వేడి గావాలె, తర్వాత వారానికి రెండు మూడు డిగ్రీలు తగ్గించుకుంట పోవాలె. అమ్మకు థర్మామీటర్ ఎందుకు, పిల్లలనే చూస్తది. బల్బు కింద ఒకదాని మీద ఒకటి కుప్ప పడితే చలి అయినట్టు, బల్బుకు దూరం పోయి నోరు తెరిస్తే వేడెక్కువైనట్టు, అన్నీ ఒకే పక్కకు పోతే ఇంకో పక్క నుంచి గాలి కొడుతున్నట్టు, అంతట చెదిరి తిరిగితే సరిపోయినట్టు. బల్బు అంటే పాత గుండ్రటి బల్బు, 60 వాట్లదో 100 వాట్లదో, ఎల్ఈడీ పెడితే వెలుతురే గని వేడి రాదు, ఇది నేను చేసిన తప్పే, ఒక రాత్రి మొత్తం పిల్లలు "కీచు కీచు" అని ఏడ్చినయి. ఆ తెల్లారి పాత బల్బు తెచ్చి ఇంకో తప్పు చేసిన, గంప మీద సంచి జారి బల్బుకు ఆనింది. కాలిన వాసనకు అమ్మ లేచింది కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి బల్బుకు ఇనుప జాలి, సంచికి గడ్డికి అది మూరెడు దూరం.

గొంగడి అన్న కద ఇందాక, అది మా మేనమామ ఇచ్చింది. అమ్మ పుట్టిల్లు పాలమూరు దిక్కు, అక్కడ ఇంకా నల్ల గొర్రెల ఉన్నితోని గొంగళ్ళు చేస్తరు. దక్కనీ గొర్రె, ఒంటి మీద ఉన్ని ఉంటది, అది ఆరుబయట చేన్ల మంద వేసినా చలికి ఓర్చుకుంటది. ఇప్పుడు ఎక్కువ కనపడేది నెల్లూరు గొర్రె, బలంగ ఎత్తుగ ఉంటది గని వెంట్రుకలే, ఉన్ని లేదు. మామ ఏమంటడంటే, పెద్దయాటికి ఏం కాదు, పుట్టిన మేకపిల్లలు గొర్రెపిల్లలే తెల్లారుజామున పోతయి, పుట్టంగనే తుడిచి పొడి చెయ్యాలె, గంట లోపల జున్నుపాలు తాపాలె, తడితోనే సగం చస్తయి అని. గోనెసంచికి నాలుగు బొక్కలు పెట్టి కాళ్ళు దూర్చి అంగీ లెక్క తొడుగుతడు. ఆ సంచి అంగీ వేసుకున్న మేకపిల్ల ఎగురుతుంటే చూడాలె, దాని ముందు సినిమా ఎందుకు పనికిరాదు.

చలి పేరు చెప్పి మనం చేసే తప్పులు గూడ రెండు మూడు చెప్తా, ఎందుకంటే ఇవి మా బజార్లనే చూసిన. కుక్క వణుకుతుంది, జ్వరమేమో అని డోలో గోలీ సగం విరిచి పెట్టుడు. కుక్కలకు అది మంచిది కాదు, పిల్లికైతే సగం గోలీ కూడ విషమే, చచ్చిపోతది. బీరువాల నుంచి తీసిన పాత దుప్పటి డాంబర్ గోలీల వాసనతోని అట్లనే వేస్తరు, ఆ గోలీ ఒకటి దుప్పట్లనే ఉండి కుక్క మింగిందంటే అంతే. ఉతికి రెండు రోజులు ఎండకు వేసి వెయ్యాలె. ఇంకోటి కొట్టంల తలుపులు బిగించి బొగ్గుల కుంపటి పెట్టుడు, బర్రెకు దూడకు వెచ్చగ ఉంటదని. ఆ బొగ్గుల నుంచి వచ్చే విషపు గ్యాస్ కనపడదు, వాసన రాదు, మనిషినైనా పశువునైనా నిద్రల్నే తీసుకపోతది. కొట్టానికి చలి వచ్చే దిక్కు తడకకు టార్పాలిన్ కట్టుండ్రి, మీద కొంచెం సందు విడవండ్రి, అంతే చాలు. పశువుకు బాగలేకుంటే 1962 కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ ఊర్లకు వస్తది, ఆ నంబరు గోడ మీద రాసి పెట్టుకోండ్రి.

నెట్ల ఇంగ్లీషుల చదివితే నీళ్ళ గిన్నె గడ్డకడుతది, రోడ్డు మీద ఉప్పు చల్లుతరు కాళ్ళు కడగాలె అని ఉంటది. మనకు అంత సీన్ లేదు. మన రోడ్డు బాధ వేరే. రాత్రి పూట డాంబర్ రోడ్డు పగటి ఎండను పట్టుకొని వెచ్చగ ఉంటది, మట్టి చల్లబడ్డా అది చల్లబడదు, కుక్కలు పోయి నడి రోడ్డు మీద పడుకుంటయి. మీద పొగమంచు. నార్కట్‌పల్లి అద్దంకి రోడ్డు మీద పొద్దున పొద్దున పోతే కనపడతది మీకు, నేను చెప్పను ఏం కనపడతదో. మోతిగాని మెడకు రేడియం పట్టీ కుట్టించిన, బండ్ల సీటు కవర్లు కుట్టే షాపుల ముప్పై రూపాయలు తీసుకున్నడు. వీధిల ఎర్రదానికి గూడ కడదామంటే దగ్గరికి రానియ్యదు, బిస్కెట్ తింటది, పట్టీ చూపిస్తే ఉరుకుతది.

తిండి కొంచెం ఎక్కువ పెట్టాలె చలికి, అది కూడ రాత్రి పడుకునే ముందు, పొట్టల ఉంటే ఒంట్ల వేడి పుడతది. మోతిగానికి జొన్న గట్కల గుడ్డు కలుపుతం. నీళ్ళు తక్కువ తాగుతయి చలికి, గోరువెచ్చగ పెడితే తాగుతడు. స్నానం నెలకు ఒకటి, మధ్యాహ్నం ఎండల, అదీ వాడు ఒప్పుకుంటే.

రేకుల ఇల్లు ఏమైందంటారా, మీది రేకు ఒకటి పోయింది కద, మిగిలినదాంట్ల అమ్మ కట్టెలు పెట్టుకుంది. ఎర్ర పెయింటు ఇంకా మెరుస్తుంది. ఇప్పుడు టైము తొమ్మిదిన్నర, ఎండ వాకిట్లకు వచ్చింది. మోతిగాడు డ్రమ్ముల నుంచి బయటికొచ్చి ముందరి కాళ్ళు చాపి, వెనక కాళ్ళు చాపి, ఒళ్ళు విరుచుకొని, బండ మీద మూడున్నర ఫీట్లు పొడుగు పడుకున్నడు. డ్రమ్ము దిక్కు చూస్తుండు, ఇందుల నేనెట్ల పడుతా అన్నట్టు. ఆదివారం గడ్డి మార్చాలె.